బహుళపొరల ప్లాస్టిక్ ఫిల్మ్ రీసైక్లింగ్

బహుళపొరల ప్లాస్టిక్ ఫిల్మ్ రీసైక్లింగ్ అంటే పాలిథిలిన్, పెట్, నైలాన్, అల్యూమినియం వంటి భిన్న పదార్థాల పొరలను అతికించి చేసిన పలుచని ప్యాకింగ్ వ్యర్థాన్ని తిరిగి ముడిసరుకుగా మార్చే ప్రక్రియ. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, కాఫీపొడి కవర్లు ఈ కోవలోవి. వీటిలో పెట్ పొర గట్టిదనాన్ని ఇస్తుంది, అల్యూమినియం తేమనూ ఆక్సిజన్‌నూ అడ్డుకుంటుంది, పాలిథిలిన్ వేడితో అతుక్కుని సీలు వేస్తుంది. ఈ కలయికే రీసైక్లింగ్‌కు ప్రధాన అవరోధం. తక్కువ సాంద్రత పాలిథిలిన్ సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వద్ద, పెట్ సుమారు 250 డిగ్రీల వద్ద కరుగుతాయి. రెండూ ఒకదానిలో ఒకటి ఇమడవు కనుక కలిపి కరిగిస్తే నాసిరకం సరుకే వస్తుంది.

ద్రావణులతో పొరలను ఒక్కొక్కటిగా కరిగించి వేరుచేసే పద్ధతిని అమెరికాలోని విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించారు. ఇదే వ్యర్థాన్ని సిమెంటు బట్టీల్లో మండిస్తే వేడి దక్కుతుంది గానీ పదార్థం తిరిగి రాదు. అందువల్ల దాన్ని, పదార్థాలను మళ్లీ మళ్లీ వాడుకునే వర్తుల ఆర్థిక వ్యవస్థలో రీసైక్లింగ్‌గా లెక్కించడం సరికాదు. వ్యర్థాన్ని విడదీయడం కంటే ప్యాకెట్‌ను ఒకే జాతి ప్లాస్టిక్‌తో రూపొందించడం సులువు. అలా చేస్తే ఆహారం త్వరగా పాడవుతుందన్న అభ్యంతరం నిరాధారం కాదు. అయితే పాలిథిలిన్ ఫిల్మ్‌లో అతిపలుచని ఆక్సిజన్ నిరోధక పొర చేర్చి చాలా ఉత్పత్తులకు చాలినంత రక్షణ కల్పించవచ్చు. భారతదేశంలో 2022 ఫిబ్రవరి నాటి ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత మార్గదర్శకాలు ప్లాస్టిక్‌తోపాటు అల్యూమినియం వంటి ప్లాస్టికేతర పొర కూడా ఉన్న బహుళపొరల ప్యాకింగ్‌ను మూడో వర్గంగా గుర్తించి, 2027–28 నాటికి 60 శాతం రీసైక్లింగ్‌ను నిర్దేశించాయి.