మాటాడని బిడ్డ – మస్తిష్క చిత్రము

చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలము పోవు మార్గమున, ఎర్రకుంట, షాహీన్‌నగరముల మీదుగా దక్షిణమునకు సాగు బాటసారికి జల్‌పల్లి ప్రాంతమున గుట్టపై పహాడీ షరీఫు దర్గా కానవచ్చును. పదుమూడవ శతాబ్దపు సూఫీ సాధువు బాబా షర్ఫుద్దీను సమాధి యది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము మొదలైన పిదప ఈ చుట్టుపట్ల నేల వెలలును బ్రతుకుతెరువులును మారినవి గాని, పిలిచినను పలుకని బిడ్డను, కన్నెత్తి చూడని బిడ్డను ఎత్తుకొని దర్గాకో గుడికో పోయి దిష్టి తీయించి తాయెత్తు కట్టించు ఆచారము దక్కను దేశమున మతభేదము లేకుండ నేటికిని నిలిచియున్నది. దీనిని మూఢత్వమని త్రోసివేయుట సులభమే. అయితే అదే బిడ్డను గూర్చి శాస్త్రజ్ఞులు ఒకప్పుడు చెప్పిన మాటలను చదివినవారికి తాయెత్తు కట్టించు తల్లిని చూచి నవ్వుటకు మనసొప్పదు.

బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 1943లో పదునొకండుగురు పిల్లలను వర్ణించి ఆటిజము అను స్థితిని లోకమునకు తెలిపెను. ఇది పుట్టుకతో వచ్చినదేయని యాయన వ్రాసెను. ఆ తల్లిదండ్రులలో పెక్కురు మమత తక్కువవారని కూడ వ్రాసెను. తరువాతివారు మొదటి మాటను మరచి రెండవదానిని పట్టుకొని, తల్లి ప్రేమ చాలకపోవుటచేతనే బిడ్డ ముడుచుకొనిపోయెనను సిద్ధాంతమును నిర్మించిరి; 1967లో బ్రూనో బెటల్‌హైం గ్రంథముతో దానికి విశేష ప్రచారము కలిగెను. దర్గా కడ దిష్టి తీయుచు, దిష్టి పెట్టినవారు ఎవరో పరులని చెప్పు మన ఫకీరు ఈ విషయమున ఆ పండితునికంటె ధర్మాత్ముడని నాకు తోచును. ఆటిజము గల బిడ్డకు తానే తండ్రియైన బెర్నార్డు రింలాండు 1964లోనే ఇది నాడీమండలపు వ్యవహారమని వాదించియుండెను; 1977లో కవల పిల్లలపై ఫోల్‌స్టీను, రట్టరుల పరిశోధన ఆ వాదమునకు బలమిచ్చెను.

ఇక మెదడును చూడవలెను. కాని చూచుటెట్లు? తొలినాళ్ల పద్ధతి క్రూరమైనది: వెన్నునుండి ద్రవము తీసి, గాలి నెక్కించి, ఎక్సురే తీయుచుండిరి, తలనొప్పితో రోగి రోజుల తరబడి బాధపడుచుండెను. 1975లో అమెరికా వైద్యులు ఆటిజము గల పిల్లల మెదళ్లను ఇట్లే పరీక్షించిరి. 1970వ దశకమున సీటీ స్కాను, పిమ్మట అయస్కాంతముతో పనిచేయు ఎమ్మారై వచ్చి ఆ హింసను తప్పించినవి. 1988లో ఎరిక్ కూర్షేన్ బృందము చిన్నమెదడు నడుమ కొన్ని మడతలు కుంచించియున్నవని ప్రకటింపగా రహస్యము తెలిసిపోయెనని సంబరము కలిగెను. ఇతరులు వెదకగా అది అందరియందును కానరాలేదు.

ఆకారమును గాక పనిని చూపు ఎమ్మారై 1990లో సేజీ ఒగావా కనుగొనిన సూత్రముతో పుట్టినది. ప్రాణవాయువును కోల్పోయిన రక్తమునకు అయస్కాంత గుణము మారును గనుక, మెదడున ఏ భాగము పనిచేయునో ఆ చోటి రక్తపు మార్పే చెప్పును. 2000లో రాబర్టు షుల్ట్‌జు బృందము, ముఖములను చూపినప్పుడు సాధారణులలో చురుకుగొను కణత క్రింది మడత ఆటిజము గలవారిలో మందముగా నుండెనని తెలిపెను. ముఖమును గుర్తించు యంత్రమే చెడినదని పలువురు నిశ్చయించుకొనిరి. కాని 2004లో మరియొక బృందము ముఖచిత్రముపై ఒక గురుతు నుంచి అచ్చటనే చూడుమనగా, ఆ మడత చక్కగా మేల్కొనెను! మరుసటి యేట విస్కాన్సిన్ పరిశోధకులు, ఆటిజము గలవారు ఎదుటివాని కన్నులను ఎంతసేపు చూచిన, భయోద్వేగములకు నెలవైన అమిగ్డల అంతగా రేగుచున్నదని చూపిరి. అనగా బిడ్డ చూడలేక కాదు, చూచుట దుస్సహమై చూపు త్రిప్పుకొనుచుండవచ్చును. మస్తిష్క చిత్రణ చరిత్రలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచు ఘట్టమిదియే. చిత్రమొకటియే, అర్థము తలక్రిందులైనది.

చికిత్సను కొలుచుటకును ఈ యంత్రమును వాడిరి. 2013లో యేల్ విశ్వవిద్యాలయమువారు ఆటల ద్వారా నేర్పు శిక్షణకు ముందును వెనుకను ఇద్దరు అయిదేండ్ల పిల్లల మెదళ్లను చిత్రించి, సాంఘిక వ్యవహారమునకు చెందిన భాగములు చురుకెక్కినవని చెప్పిరి. ఇద్దరే! ఆ యేడే ఆక్సిటోసిన్ అను హార్మోను ముక్కున ఒక్కసారి చల్లగా మెదడున మార్పు కనబడెననిరి. 2021లో 290 మంది పిల్లలపై 24 వారములు వాడి చూడగా నడవడిలో మేలు కానరాలేదు. చిత్రము మారినంత మాత్రమున బ్రతుకు మారవలెనని లేదు.

మన హైదరాబాదు త్రోవ వేరు. 1968లో ఠాకూర్ హరిప్రసాద్ బుద్ధిమాంద్యము గల పిల్లలకై సంస్థను స్థాపించెను. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగరున అదే పనికై కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ వెలసెను. ఆటిజమునకు మాత్రము చిరకాలము ప్రత్యేకమైన పేరు లేదు. 1995 నాటి వికలాంగుల చట్టమున దానికి చోటే లేదు, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున చోటు దొరకెను. 2009లో వెలువడిన భారతీయ ఆటిజము కొలమానమును రూపొందించుటలో సికింద్రాబాదు సంస్థయే ప్రధానము. అందు అయస్కాంతము లేదు. 40 అంశములు గల కాగితము, చూచి మార్కులు వేయు మనిషి, అంతే.

తల్లిదండ్రులు మాత్రము స్కానింగు తీయించుదురు. మూర్ఛ మొదలగు ఇతర రోగములున్నవేమో చూచుటకు వైద్యుడు వ్రాసినప్పుడది యుక్తమే. కాని యంత్రపు రొదకు బెదరు బిడ్డను మందిచ్చి నిద్రపుచ్చి చిత్రము తీయుదురు. ముఖములను చూడుమని, కథ వినుమని మెలకువగల మనిషిని పరిశోధకులు పరీక్షించు పని అది కాదు. నిద్రించు మెదడు స్నేహమును గూర్చి ఏమి చెప్పును? అందుచేత పెక్కు సందర్భములలో నివేదిక ‘నార్మల్’ అని వచ్చును, ఇంట మరల కలవరము మొదలగును. పరిశోధనలందును కదలక పడుకొనగల, మాట వచ్చిన పిల్లల చిత్రములే ఎక్కువ. తల కదలికయే మెదడు భేదమువలె భ్రమ గొల్పునని 2012లో తేలిన పిదప పాత ఫలితములను పలువురు మరల తూచవలసి వచ్చెను.

2016 నాటి వికలాంగుల చట్టము ఆటిజమును 21 వైకల్యములలో నొకటిగా గుర్తించినది. జల్‌పల్లి తల్లి వైకల్య నిర్ధారణ శిబిరమునకు బిడ్డను తీసికొనిపోయినప్పుడు ధ్రువపత్రమునకు ఆధారమగునది స్కానింగు ఫిలిం కాదు, ఆ 40 అంశముల కాగితమే: కన్నులలోకి చూచునా, పిలిచిన నవ్వునా, తోడివారితో ఆడునా. 70 మార్కులు వచ్చెనేని 40 శాతము వైకల్యమని లెక్క. పింఛనుకు దారి తెరచునది ఆ లెక్కయే.