తాళ్ళపాక రాగిరేకులు - విరామచిహ్నములు

తెలుగు ముద్రణమున కామా, అర్ధవిరామము, ప్రశ్నార్థకము, హైఫను మున్నగునవి ఇంగ్లీషు వ్యాకరణ మర్యాదను బట్టి వచ్చినవి. చిహ్నముతో బాటు దాని నియమమును గూడ యథాతథముగ గ్రహింపవచ్చునా యను ప్రశ్న ప్రాచీనగ్రంథ పరిష్కర్తకు అడుగడుగునను ఎదురగును. తిరుమలలోని తాళ్ళపాక రాగిరేకుల నాధారముగ గైకొని ఈ విషయమును పరిశీలింప దలచితిమి.

అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. వారి సంకీర్తనములు కుమారుడగు పెదతిరుమలాచార్యుని కాలమున రాగిరేకుల కెక్కి, ఆలయమందలి సంకీర్తన భాండారమున భద్రపరుపబడెను. అన్నమయ్య కడపటి దశాబ్దముననే వెనిసు నగరమున ఆల్డస్ మనూషియస్ అను ముద్రాపకుడు అర్ధవిరామ చిహ్నమును అచ్చులోనికి దెచ్చెను. అచట అచ్చు వాక్యమునకు గుర్తులు దిద్దుచుండగా ఇచట ఉలి అక్షరములను ఎడము లేక చెక్కుచుండెను. రేకులలో పాటకు పైని రాగనామము గలదు. పదమునకు పదమునకు నడుమ విరామములు లేవు.

1816లో వెలువడిన తన తెలుగు వ్యాకరణమున ఏ.డి. కాంబెల్ ఈ రేకులను ప్రస్తావించెను. వీనిని పరిశీలింపజేసిన ఆయనకు ఒక వ్యాకరణగ్రంథము దక్క తక్కినవన్నియు దైవస్తుతులే కానవచ్చెను. ఇరువదవ శతాబ్దిలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల కృషిచే ఇవి లోకమునకు వెల్లడి యయ్యెను. నేడు మనము చదువు ప్రతి పాటలోను పదవిభాగము, విరామము పరిష్కర్తలు చేసినవే.

ఇందలి క్లేశము తెలియుటకు మేము కల్పించిన యుదాహరణ మొకటి చాలును. 'వచ్చెనాయన' అని ఎడము లేక చెక్కబడిన దనుకొందము. 'వచ్చెను, ఆయన' యనిన ఆ పురుషుడు వచ్చె నని యర్థము. 'వచ్చె, నాయన' యనిన తండ్రి వచ్చె నని యర్థము. 'వచ్చెనా? యన' యనిన వచ్చెనా యని అడుగగా నని యర్థము. అక్షరము లవియే, అర్థములు మూడు. మొదటి రెంటిని సంప్రదాయానుసారము విడదీసి 'వచ్చె నాయన' యని అచ్చొత్తినను సందేహము తీరదు. సంధి పదముల సరిహద్దును అక్షరములోపల దాచుటయే దీనికి కారణము.

అట్లయిన పూర్వులు ఎట్లు గ్రహించిరి? యతిప్రాసలే వారికి విరామచిహ్నములు. 'నా' యతిస్థానమున నుండి అచ్చుతో మైత్రి కుదిరినచో ఆయన యను పాఠమును, నకారముతో కుదిరినచో నాయన యను పాఠమును నిలుచును. అఖండయతిని అంగీకరించినచో ఈ రెండవ యాధారము సడలును. అపుడు ప్రకరణమే శరణ్యము.

హైఫను విషయము వేరు. ఇంగ్లీషున 'మ్యాన్ ఈటింగ్ టైగర్' అను మూడు పదములను విడిగా వ్రాసిన పులిని తినుచున్న మనుజుడనియు తోచును; మొదటి రెంటిని హైఫనుతో గూర్చిన మనుజుని తిను పులి యగును. విభక్తిప్రత్యయములు సన్నగిలిన భాషకు ఆ గీత అవసరము. తెలుగున 'మనుష్యుని తిను పులి' యన్నప్పుడు విభక్తియు, 'నరభక్షక వ్యాఘ్రము' అన్నప్పుడు సమాసమును ఆ పని నెరవేర్చుచున్నవి. కావున సమాసముల నడుమ హైఫనులు చొప్పించుట అనవసరము. పంక్తి చివర పదము విరిగినప్పుడు మాత్రము అది ఉపకరించును. అచటను సంయుక్తాక్షరమును చీల్పరాదు.

ఇది కేవలము అచ్చుకూటపు విషయము కాదు. గాయకుడు ముద్రితప్రతిని జూచి ఊపిరి నిలుపును. పరిశోధకుడు దానినే జూచి పదప్రయోగసూచి కూర్చును. పరిష్కర్త ఉంచిన కామా కొన్నాళ్ళకు అన్నమయ్య యభిప్రాయముగ చెలామణి యగును. కావున సంశయస్థలములందు రేకులోని అక్షరక్రమమును యథాతథముగ అడుగున చూపి, పైని విభాగము తమదని పరిష్కర్తలు తెలుపుట యుక్తమని మా యభిప్రాయము. పరిశోధక విద్యార్థులును ముద్రితపాఠమునుండి ఒక పదమును ఉదాహరించుటకు పూర్వము దాని యెడమును మూసి మరల చదువుట మేలు.