పాలు, కల్లు – మన జీర్ణశక్తి చరిత్ర

ఆషాఢ మాసపు బోనాల ఆదివారమునాడు హైదరాబాదు పాతబస్తీలోని లాల్ దర్వాజాకు పోయినచో ఒక వింత చూడగలము. సింహవాహిని అమ్మవారికి స్త్రీలు బోనములెత్తుకొని బారులు తీరి వచ్చుచుందురు. ఘటములో పాలు, బెల్లము వేసి వండిన అన్నము ఉండును. దానితోపాటు కల్లు సాక కూడ అమ్మవారికి సమర్పింతురు. అక్కడికి కొంత దూరముననే, చార్మినారు చెంత నున్న ఇరానీ హోటళ్ళలో చిక్కని పాలతో చాయ్ తెల్లవారుజాము మొదలు సాగుచునే యుండును. పాలు పవిత్రమా, కల్లు నీచమా అను తగవును పెద్దలకు విడిచిపెట్టి, ఈ రెండును మన కడుపులోనికి పోయిన పిమ్మట ఏమగునో, మన పూర్వులు వానిని ఎట్లు అలవరచుకొనిరో విచారింతము.

ముందుగా పాల సంగతి. నా తరగతిలో ప్రతి సంవత్సరము “నాకు పాలు పడవండీ” అని సిగ్గుపడుచు చెప్పు విద్యార్థి ఒక్కడైనను ఉండును. ఇంటిలో అతనిని నాజూకువాడని అనియుందురు. నిజమునకు అతనిలో లోపమేమియు లేదు. పాలలో లాక్టోజు అను చక్కెర కలదు; ఆవుపాలలో ఇది నూటికి సుమారు 5 వంతులు. దీనిని విడగొట్టుటకు చిన్నప్రేగు గోడలలో లాక్టేజు అను ఎంజైము పుట్టును. పసిబిడ్డలందరికిని ఇది సమృద్ధిగా నుండును. తల్లిపాలు మానిన తరువాత క్షీరదములన్నింటిలోను క్రమముగా తగ్గిపోవును. అప్పుడు జీర్ణముకాని లాక్టోజు పెద్దప్రేగునకు చేరి, అచటి సూక్ష్మజీవుల చేత పులిసి, కడుపుబ్బరము, విరేచనములు కలిగించును. కనుక పెద్దవారికి పాలు పడకపోవుట సహజము; పడుటయే విశేషము.

ఈ విశేషము కొన్ని జాతులలో ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. 1958 లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. భారతీయులలో లాక్టేజు కొరతపై ఈ సంస్థ శాస్త్రజ్ఞులు 1972 లోనే పరిశోధన ప్రకటించిరి. 1981 లో వెలువడిన మరియొక పరిశోధనలో, పరీక్షింపబడిన ఉత్తర భారతీయులలో నూటికి సుమారు 27 మందికి, దక్షిణ భారతీయులలో నూటికి సుమారు 67 మందికి లాక్టోజు పడలేదు. 2002 లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు దీనికి కారణమును కనుగొనిరి. మన రెండవ క్రోమోజోములో, లాక్టేజు జన్యువునకు సమీపమున, “సి” అను రసాయనిక అక్షరమునకు బదులు “టి” ఉన్నచో ఎంజైము జీవితాంతము నిలిచియుండును. 2012 లో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొనిన బృందమొకటి రెండువేలకు పైగా భారతీయులను పరీక్షించి, ఐరోపావారిలో నున్న మార్పే మనలోను ఉన్నదని తేల్చెను. వాయవ్య దిశన ఇది ఎక్కువ. తూర్పునకు, దక్షిణమునకు వచ్చుకొలది తగ్గును. నీలగిరులలో గేదెలు మేపు తోడాల వంటి వారు ఈ నియమమునకు మినహాయింపు.

ఇచట ఒక చిక్కు ప్రశ్న పుట్టును. దక్కనులో పశుపోషణ నిన్న మొన్నటిది కాదు. పాలమూరు ప్రాంతములోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957 లో ఆల్చిన్ పండితుడు త్రవ్వించగా, అవి నవీన శిలాయుగపు పశువుల దొడ్లలో పేడ కాలి ఏర్పడినవని తేలెను. అనగా ఇచటి వారు నాలుగు వేల యేండ్లకు పైగా ఆవులను మేపుచున్నారు. మరి మనలో అధికసంఖ్యాకులకు పాలు ఏల పడవు?

సమాధానము మన వంటింటి కుండలో కలదు. మనవారు పాలను తోడుపెట్టిరి. తోడులోని సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి లాక్టోజులో కొంత భాగమును లాక్టికామ్లముగా మార్చును. మిగిలిన దానిని అరిగించుటకు కూడ కొంత తోడ్పడును. మజ్జిగలో నీరు కలియుటచే లాక్టోజు ఇంకను పలుచబడును. నేతిలో అది దాదాపు ఉండనే ఉండదు. శరీరము మారవలసిన పనిని కుండయే చేసిపెట్టినది! ఐరోపాలో కూడ ఇట్టిదే జరిగెను. అచటి ప్రాచీన కుండ పెంకులలోని కొవ్వును పరీక్షించి 2022 లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, పాలు అరుగు శక్తి వ్యాపించుటకు వేల యేండ్లకు ముందే అచటివారు పాలను వాడుచుండిరి. కరవులు, రోగములు వచ్చినపుడు ఆ శక్తి లేనివారు ఎక్కువగా మరణించుటచే అది వ్యాపించియుండునని ఆ పరిశోధకుల ఊహ. ఇక ఇరానీ చాయ్ మాట. కాచినంత మాత్రమున లాక్టోజు పోదు. కాని చిన్న కప్పులో పట్టు పాలు కొద్దియే గనుక పెక్కుమంది దానిని తట్టుకొందురు.

ఇప్పుడు కల్లు సంగతి. తాటి, ఈత చెట్ల నుండి దిగిన నీరా తియ్యగా నుండును. ఈస్టు మొదలగు సూక్ష్మజీవులు కొలది గంటలలోనే దానిని పులియబెట్టి మద్యసారమును పుట్టించును. మద్యసారము కాలేయములో మొదట ఎసిటాల్డిహైడు అను విషపదార్థముగాను, పిదప హాని తక్కువైన ఎసిటేటుగాను మారును. చైనా, జపాను, కొరియా ప్రజలలో సుమారు మూడింట ఒక వంతు మందికి ఈ రెండవ మెట్టు సరిగా సాగదు. ఒక్క గుక్కకే ముఖము ఎర్రబడి, గుండె దడదడలాడి, వికారము కలుగును. ఎక్కువ త్రాగకుండ ప్రకృతి వేసిన కళ్ళెమిది. అయినను త్రాగువారికి అన్నవాహిక క్యాన్సరు భయము అధికము.

తెలుగువారిలో ఈ కళ్ళెము బహు అరుదు. కల్లు పోసుకొను ఇంటివానికి, మతనియమము చేత మద్యము ముట్టని పొరుగువానికి గల భేదము ఆచారమునందే గాని కాలేయమునందు కాదు. శరీరమునందు లేని కళ్ళెమును సంఘమే వేయవలెను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై సాగించిన పోరాటము 1992 లో రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997 లో దానిని సడలించిరి. హైదరాబాదులో కల్లు దుకాణములను 2004 లో మూసి, 2014 లో తిరిగి తెరచిరి. కల్లులో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన ఉదంతములు తెలంగాణలో పలుమార్లు బయటపడినవి. అట్టి కల్లు చెట్టు నుండి దిగినది కాదు, మందుల సీసా నుండి దిగినది. దానికి అలవాటుపడినవాడు హఠాత్తుగా మానినచో ఫిట్సు, మతిభ్రమణము కలుగవచ్చును. అట్టివానిని నిందింపక ఆసుపత్రికి చేర్చవలెను.

కనుక పాలు పడని బిడ్డకు బలవంతముగా గ్లాసు పట్టింపకుడు. పెరుగు, మజ్జిగ ఇచ్చి చూడుడు. “నాకు ఎంత త్రాగినను ఏమియు కాదు” అనువాని మాట నమ్మకుడు. వానికి కళ్ళెము లేదని మాత్రమే దాని అర్థము. పాలు అరుగుట గొప్పతనమును కాదు, కల్లు తట్టుకొనుట మగతనమును కాదు. బోనము నెత్తిన పెట్టుకొనిన ఆ తల్లి పాలను అన్నములో వండినది, పెరుగును కుండలో తోడుపెట్టినది. మన జీర్ణశక్తి చరిత్రలో సగము జన్యువులు వ్రాసినవి. మిగిలిన సగము ఆమె చేతులు వ్రాసినవి.