ఏకశిల నుంచి సిఫీ దాకా: ఒక పేరుకు ఇద్దరు హక్కుదారులు

తొర్రూరు పాత వరంగల్ జిల్లాలో, వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో ఉన్న పట్టణం. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు అది మహబూబాబాద్ జిల్లాలోకీ, పొరుగున ఉన్న పాలకుర్తి మండలం జనగామ జిల్లాలోకీ వెళ్లినా, రెండూ ఒకే శాసనసభ నియోజకవర్గంలో మిగిలాయి. పాలకుర్తి మండలంలోని బమ్మెర 15వ శతాబ్దపు కవి పోతన స్వగ్రామమని ఈ ప్రాంతం చెప్పుకుంటుంది. మేధో సంపత్తి, అంటే మనిషి బుద్ధిలో పుట్టిన రచన మీద, పేరు మీద, గుర్తు మీద ఉండే హక్కు, అనే మాట పుట్టక ముందే దాని తగాదాలన్నీ ఈ చెప్పుకోవడంలో ఇమిడి ఉన్నాయి.

కాపీరైటు లేని ఆ కాలంలో కవికి ప్రతిఫలం అంకితం ద్వారా దక్కేది. కావ్యాన్ని కన్యగా భావించి రాజుకు ఇచ్చేవారు కాబట్టి పుచ్చుకున్నవాడిని కృతిభర్త అనేవారు. నేటి పరిభాషలో ఇది హక్కుల బదలాయింపే, కాకపోతే కన్యాశుల్కం కవికి ముట్టేది. పోతన తన భాగవతాన్ని రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడికి కాక శ్రీరాముడికి అంకితమిచ్చాడనీ, కోపించిన ప్రభువు ఆ గ్రంథాన్ని పాతిపెట్టించగా కొంత భాగం చెదల పాలైందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, పంచమ స్కంధం గంగన, షష్ఠం ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయ రచించినవి. ఎవరి స్కంధం చివర వారు తమ పేరు చెప్పుకున్నారే గాని పోతన పేరుతో చలామణీ చేయలేదు. చెదలకు లేని మర్యాద కవులకు ఉండింది.

అసలు పేచీ ఊరి పేరు దగ్గర వచ్చింది. భాగవత అవతారికలో కనిపించే ఏకశిలానగరం ఓరుగల్లుకు సంస్కృత రూపమని ఒక పక్షం వాదించగా, కడప సీమలోని ఒంటిమిట్ట పేరులోనూ ఒంటి ఉన్నదనీ, అక్కడి కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులను ఒకే శిలలో మలిచారనీ రెండో పక్షం బదులిచ్చింది. చిరునామా ఒకటి, హక్కుదారులు ఇద్దరు.

ఇంటర్నెట్ వచ్చాక ఇలాంటి పేచీయే కోర్టుకెక్కింది. వెబ్‌సైటును చేరడానికి టైపు చేసే చిరునామాను డొమైన్ నేమ్ అంటారు. ఒక అక్షరక్రమం ప్రపంచమంతటికీ ఒక్కరికే దక్కుతుంది, కాని ఒక్క అక్షరం మార్చి మరొకరు నమోదు చేసుకోవడానికి అడ్డు ఉండదు. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా మొదలైన సత్యం ఇన్ఫోవే తన పేరులోని అక్షరాలతో ‘సిఫీ’ అనే మాటను అల్లి, 1999 జూన్‌లో సిఫీనెట్ మొదలైన డొమైన్లను నమోదు చేసుకుంది. తరువాత సిఫీనెట్ సొల్యూషన్స్ అనే మరో సంస్థ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ‘ఎఫ్’ అదనంగా చేర్చి అదే పేరుతో వచ్చింది. ఎక్కడిదీ పేరు అంటే, సంస్థ స్థాపకులు ఐదుగురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందని జవాబు చెప్పింది. ఛందస్సులో ఇంత కచ్చితంగా గణాలు కుదిరితే ఏ కవి అయినా గర్వించి ఉండేవాడు.

బెంగళూరు సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా తాత్కాలిక నిషేధాజ్ఞ ఇవ్వగా, రెండు సంస్థల వ్యాపారాలు వేరని కర్ణాటక హైకోర్టు దాన్ని రద్దు చేసింది. డొమైన్ పేర్ల కోసం భారతదేశంలో ప్రత్యేక చట్టం లేనందున సుప్రీంకోర్టు ‘పాసింగ్ ఆఫ్’ అనే పాత సూత్రాన్ని ఆశ్రయించింది. తన సరుకును వేరొకరి సరుకుగా నమ్మించి అమ్మడాన్ని నిషేధించే ఈ సూత్రం సబ్బులకూ బీడీకట్టలకూ ఎలా వర్తిస్తుందో వెబ్‌సైటు పేరుకూ అలాగే వర్తిస్తుందనీ, డొమైన్ నేమ్ చిరునామా మాత్రమే కాక వ్యాపారపు గుర్తింపు కూడా అనీ న్యాయమూర్తులు రూమాపాల్, పి. వెంకటరామారెడ్డి 2004 మే 6న తేల్చారు. అక్షరమాల కథను వారు నమ్మలేదు. కింది కోర్టు నిషేధాజ్ఞ తిరిగి నిలబడింది.

ఏకశిలకు అలాంటి తీర్పు లేదు. బమ్మెరలో పోతన సమాధిని చూపిస్తారు, ఒంటిమిట్ట ఆలయంలో ఆయన విగ్రహం ఉంది. భాగవతం మీద మాత్రం ఎవరికీ కాపీరైటు లేదు కాబట్టి ఏ ఊరివారైనా అచ్చు వేసుకోవచ్చు. పక్కన ఉన్న టీకాతాత్పర్యాల మీద వ్యాఖ్యాత మరణానంతరం 60 ఏళ్ల వరకు హక్కు నిలుస్తుంది గనుక, నెట్‌లో పెట్టేవారు ముందుగా పేజీలో ఏ భాగం ఎవరిదో చూసుకోవాలి.