కారల్లము: ఒక తెలుగు పేరు, ఒక ఎండిన కుండీ

లాటిన్, గ్రీకు పదాలతో నిండిన వృక్షశాస్త్రంలో ఒక తెలుగు మాట రెండు శతాబ్దాలుగా చెక్కుచెదరక నిలిచి ఉన్నదంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఆ మాట 'కారల్లము'. ఎడారి మొక్కలను మోజుతో పెంచే దేశదేశాల వారు 'కారల్లుమా' అని పిలుచుకునే ప్రజాతికి మూలం ఇదే. పేరు లోకమంతా తిరిగింది. పుట్టింట్లో మాత్రం దాన్ని పలికేవారు అరుదైపోయారు.

జమ్మలమడుగు ప్రాంతం ఇటువంటి మొక్కలకు అనువైన నేల. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారే గండికోట దగ్గర నిలబడి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. పైన ఎర్రని రాతిపలకలు, వాటి సందుల్లో పిడికెడు మట్టి, ఏడాదిలో కొద్ది వారాలే కురిసే వాన. రాయలసీమ గుట్టల మీద ముళ్ళపొదల నీడన ఆకులు లేకుండా, నాలుగు పలకల ఆకుపచ్చని కొమ్మలతో, కొసలు సన్నబడి పైకి లేచి కనబడేదే ఈ మొక్క. దీనికి కుందేలు కొమ్ములు అని మరో పేరున్నది. లేని వస్తువుకు ఉదాహరణగా మన తార్కికులు కుందేటి కొమ్మును చెబుతారు. ఉన్న మొక్కకే ఆ పేరు పెట్టిన పల్లెజనుల చమత్కారానికి నమస్కరించవలసిందే!

ఈ పేరు గ్రంథానికెక్కిన కథ సామర్లకోటలో మొదలవుతుంది. స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి అక్కడ ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా ఉంటూ, తోట వేసి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1789లో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు. 1793లో కలకత్తా వెళ్ళాడు. జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో కోరమాండల్ తీరపు మొక్కల మీద అతని గ్రంథం లండన్‌లో వెలువడడం మొదలైనది 1795లో. అందులో ఈ మొక్కకు 'స్టపేలియా అడ్సెండెన్స్' అని శాస్త్రీయ నామం పెట్టి, తెలుగువారు దీన్ని కారల్లం అంటారని నమోదు చేశాడు. జనం లేత కొమ్మలను పచ్చిగా తింటారనీ, రుచి చేదుగా, ఉప్పగా ఉంటుందనీ కూడా రాశాడు. తరువాత 1810లో రాబర్ట్ బ్రౌన్ ఈ మొక్కను స్టపేలియాల నుండి విడదీసి కొత్త ప్రజాతిని ఏర్పరచినప్పుడు, రాక్స్‌బర్గ్ నమోదు చేసిన ఆ తెలుగు మాటనే దానికి పేరుగా తీసుకున్నాడు.

ఈ పేరు అరబ్బీ పదబంధం నుండి వచ్చిందని వాదించినవారూ ఉన్నారు. పూల దుర్వాసనను బట్టి పుండు అనే అర్థం వచ్చే మాట అని వారి ఊహ. రాక్స్‌బర్గ్ రాత కళ్ళెదుట ఉండగా అంత దూరం పోవలసిన పని ఏమున్నది? కారుచిచ్చు, కారడవి, కారెనుము అన్నట్లే కారు, అల్లము కలిసి కారల్లము అయిందని, అంటే అడవి అల్లమని నేను అనుకుంటున్నాను.

రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోటకు వచ్చినవాడు బెంజమిన్ హైన్ అనే జర్మను. 1814లో వెలువడిన తన వ్యాససంపుటిలో అతడు కడప దగ్గర పెన్న ఒడ్డున ఉండిన వజ్రపు గనులను వర్ణించాడు. మన కథకు కావలసింది అతని మరో పరిశీలన. తోటల్లో పెంచే రణపాల ఆకును ఉదయాన నమిలితే పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం కాస్త చేదుగా ఉన్నదని అతడు రాసిన ఉత్తరం 1815లో లండన్ లినియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. దాని కారణం ఇరవయ్యో శతాబ్దంలో గాని పూర్తిగా విడివడలేదు. ఇటువంటి మొక్కలు పగటి ఎండలో పత్రరంధ్రాలను మూసుకుని తడిని కాపాడుకుంటాయి. రాత్రి వాటిని తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చి ఆమ్లంగా దాచుకుంటాయి. తెల్లవారాక ఆ ఆమ్లాన్ని ఖర్చు చేసి ఆహారం తయారు చేసుకుంటాయి. కారల్లము జాతి మొక్కలదీ ఇదే బతుకు.

ఈ చరిత్ర తెలిస్తే, పిట్టగోడ మీద ఎవరూ పట్టించుకోక ముడుచుకుపోయిన కుండీని బతికించడం కష్టం కాదు. ముడతలు పడిన కొమ్మ చచ్చినట్లు కాదు, దాచుకున్న తడిని వాడుకుంటున్నట్లు. మొదలు మెత్తబడి నల్లగా మారితేనే ప్రమాదం. మొక్కను కుండీ నుండి తీసి, గట్టిపడిన పాతమట్టిని దులిపి, కుళ్ళిన వేళ్ళను శుభ్రమైన కత్తితో కోసివేయాలి. వెంటనే నాటకూడదు. నాలుగైదు రోజులు నీడన ఆరనిస్తే గాయాలు మానుతాయి. పచ్చిగాయానికి తడి తగిలితే బూజు పట్టి మళ్ళీ కుళ్ళుతుంది. మొదలంతా పోయినా, గట్టిగా ఉన్న కొమ్మను రెండు మూడంగుళాలు కోసి ఇలాగే ఆరబెట్టి నాటితే వేళ్ళు వేస్తుంది.

అడుగున చిల్లి ఉన్న చిన్న మట్టికుండీ మేలు. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, ఇటుక ముక్కలు ఒక పాలు కలిపితే గుట్టమీది రాతిసందును ఇంటికి తెచ్చినట్లే. పొడి మట్టిలోనే నాటి వారం ఆగి, అడుగున కారేదాకా ఒకసారి నీళ్ళు పోయాలి. మట్టి పూర్తిగా ఆరాకే మళ్ళీ పోయాలి. నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టక, ఉదయపు ఎండతో అలవాటు చేయాలి. రోజూ ప్రేమగా నీళ్ళు పోసేవారి చేతిలోనే ఈ జాతి ఎక్కువగా చనిపోతుంది.

ఒక మనవి. గుట్టల మీది మొక్కను పెకలించి తేవద్దు, కొమ్మ ఒకటి చాలు. ఆకలి తగ్గించే మందుగా దీని జ్ఞాతి 'కారల్లుమా ఫింబ్రియాటా' పేరు బజారుకెక్కింది. బెంగుళూరులో 50 మంది మీద 60 రోజులు జరిపిన పరిశోధన 2007లో ప్రచురితమైంది. ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గాయన్నారు గాని, బరువులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ మాత్రం దానికి గుట్టలు బోడి చేసుకోవాలా?

పేరుకు కూడా గండం వచ్చిపడింది. 2017లో పీటర్ బ్రూయిన్స్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు కారల్లుమాను దాని బంధువులతో సహా సెరోపీజియా అనే పెద్ద ప్రజాతిలో కలపాలని ప్రతిపాదించారు. అందరూ ఒప్పుకోలేదు. శాస్త్రం తన దారిన తాను తేల్చుకుంటుంది, దాన్ని తప్పుపట్టలేము. కానీ పుస్తకంలో పేరు మారినా మాట బతకాలంటే మన నోట ఉండాలి కదా! మీ ఊరి గుట్టమీద ఈ మొక్క ఉంటే, పెద్దలను అడిగి వారు ఏమని పిలుస్తారో రాసిపెట్టుకోండి. రాక్స్‌బర్గ్ చేసింది కూడా అంతే.