మెట్టసీమ విన్నపములు

వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో జన్మించిన మూసీ తూర్పునకు మరలి, హైదరాబాదు మీదుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. తాండూరు సమీపమున పారు కాగ్నా పడమటికి పోయి భీమానదిలో పడి, దానితో కూడి తిరిగి ఆ కృష్ణనే చేరును. ఇరుదెసలకును నీరంపిన ఈ మెట్టసీమ రైతు మాత్రము కందికిని జొన్నకును వాననే నమ్ముకొనెను. 1874లో వాడి–సికిందరాబాదు రైలుమార్గము ఈ ఊళ్ళమీదుగా పడినది గాని, పట్టాలు వచ్చినంత సులువుగా కాలువలు రాలేదు.

ఇట్టి సీమనుండియే మర్రి చెన్నారెడ్డి రాజకీయములలోనికి వచ్చెను. 1952లో వికారాబాదునుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గమున వ్యవసాయశాఖను చేపట్టెను. ఫజల్ అలీ అధ్యక్షతన, కుంజ్రూ, పణిక్కరులు సభ్యులుగా కేంద్రము నియమించిన రాష్ట్రముల పునర్విభజన సంఘము ఎదుట తెలంగాణమునకు ప్రత్యేకరాష్ట్రము కావలెనని వాదించినవారిలో ఆయనయు, ఆయన మేనమామ కొండా వెంకట రంగారెడ్డియు ముఖ్యులు. 1955 సెప్టెంబరులో ఆ సంఘము సమర్పించిన నివేదిక ఈ ప్రాంతపు ఆబ్కారీ రాబడిని, విద్యలో వెనుకబాటును, నదీజలములను గూర్చిన భయమును శ్రద్ధగా పేర్కొనెను. ప్రాంతము మొత్తమునకు లెక్క కట్టునపుడు ఒక తాలూకా గోడు మరుగుపడుట సహజమే. ఐనను నీరు పుట్టినచోటనే నీటికరవున్నదను సంగతి ఒక్క వాక్యమునకైనను తగదా యని నాకు తోచును. తుదకు తెలంగాణమును ఆంధ్రతో కలుపుటకై 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందముపై మేనమామయు మేనల్లుడును ఇరువురును సంతకములు చేసిరి.

తాండూరు పేరు చెప్పగానే జ్ఞప్తికి వచ్చునది నాపరాయి. యంత్రములు రాకమునుపు గనిలో పనివాడు పొరల సందున ఉలి నుంచి, సుత్తెతో చిన్నచిన్న దెబ్బలు వేయుచు, రాయి పలుకు ధ్వనినిబట్టి చేతిబలము మార్చుకొనుచు బండ నెత్తెడివాడు. తొందరపడినచో బండ అడ్డముగా పగిలి, పడిన కష్టమంతయు వ్యర్థమగును. 1967లో తాండూరునుండి శాసనసభకు ఎన్నికైన చెన్నారెడ్డి ఆ యేడే కేంద్రమున ఉక్కు, గనుల మంత్రి యయ్యెను! కాని ఇంటినేలకు పరచు బండ చిన్న ఖనిజముగా రాష్ట్రాధికారముననే ఉండెను. అంతలోనే వందేమాతరం రామచంద్రరావు వేసిన వ్యాజ్యమున 1968లో ఉన్నతన్యాయస్థానము ఆ ఎన్నికను రద్దు చేయగా మంత్రిపదవియు పోయెను. మరుసటి యేట తెలంగాణ ప్రజాసమితి నాయకుడైన ఆయన విన్నపము మాని ఉద్యమము పట్టెను. 1971లో ఆ పక్షమునకు పదునాలుగింట పది లోకసభ స్థానములు దక్కెను.

కేంద్రప్రభుత్వపు సిమెంటు సంస్థ తాండూరు చెంత కరన్‌కోటలో కర్మాగారము నడుపనారంభించుట 1980 దశకపు మాట. తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది 2022లో, చెన్నారెడ్డి గతించిన ఇరువదియారేండ్లకు.