పాము విషం నుంచి బీపీ మాత్ర దాకా

మా కడంబూరు పక్క పెద్దవాళ్లుండే ఇంట్లో బీపీ మాత్రల అట్ట ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. దాని మీద ఎనలాప్రిల్ అనో, లోసార్టన్ అనో, టెల్మిసార్టన్ అనో రాసుంటుంది. "నొప్పేమీ లేదు గదా, రోజూ ఎందుకు మింగేది?" అని మానేసేవాళ్లూ ఉన్నారు. ఆ మాత్ర రావడానికి ఎనభై ఏళ్లకు పైనే పట్టింది.

1898లో స్వీడన్‌లో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు మూత్రపిండం నుంచి తీసిన రసాన్ని వేరే కుందేళ్లకు ఎక్కించారు. రక్తపోటు పెరిగింది. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1934లో అమెరికాలో గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండానికి పోయే రక్తనాళాన్ని బిగించి, రక్తపోటు పెరగడం చూపించాకే మళ్లీ కదలిక వచ్చింది.

రెనిన్ తానుగా నాళాలను బిగించదు. కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్‌ను అది కోస్తుంది. ఆ ముక్కను, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో, ఇంకో ఎంజైము కత్తిరిస్తే యాంజియోటెన్సిన్ తయారవుతుంది. నాళాలను బిగించేది, ఒంట్లో ఉప్పూ నీళ్లూ నిలిపేది అదే. దీన్ని అమెరికావాళ్లు, అర్జెంటీనావాళ్లు వేరువేరుగా కనుగొని చెరో పేరు పెట్టారు. చివరికి 1958లో రెండు పేర్లనూ సగం సగం కలిపి రాజీపడ్డారు!

ఇంత తెలిసినా మందు లేదు. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయారు. అప్పుడు ఆయన బీపీ 300/190. అంతటి మనిషికీ డాక్టర్లు చెప్పగలిగింది ఉప్పు తగ్గించు, విశ్రాంతి తీసుకో అనే మాటలకు మించి పెద్దగా లేదు.

దారి దొరికింది పాము దగ్గర. బ్రెజిల్‌లో జరరాకా అనే పాము కరిస్తే రక్తపోటు పడిపోతుంది. 1965లో ఫెరైరా ఆ విషంలోని పదార్థాన్ని వేరుచేసి లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు తీసుకుపోయాడు. ఊపిరితిత్తుల్లోని ఆ ఎంజైమును అది ఆపేస్తుందని అక్కడ తేలింది. అయితే దాన్ని సూదితోనే ఎక్కించాలి, మింగితే పనిచేయదు. స్క్విబ్ కంపెనీలో ఒండెట్టి, కుష్‌మన్ అదే పనిచేసే చిన్న అణువును తయారుచేశారు. అదే క్యాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్ దాని తమ్ముడు. వీటితో కొందరికి పొడి దగ్గు వస్తుంది. యాంజియోటెన్సిన్ వచ్చి కూర్చునే చోటునే మూసేసే లోసార్టన్ 1995లో వచ్చింది. దానితో ఆ దగ్గు బాధ చాలా తక్కువ.

మన రాష్ట్రంలో 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం' మొదలైంది. బీపీ, చక్కెర జబ్బులకు మాత్రలు ఇంటి గడపకే తెచ్చి ఇచ్చే పథకం అది. రూజ్‌వెల్ట్‌కు దొరకని మందు ఇప్పుడు పల్లెటూరి అవ్వ చేతికి వస్తోంది.